మేకు కొట్టని గోడలు

గోడకి మేకు కొట్టమంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్న అత్తగారు, ఆయనతో దిగిన ఫోటోలు హాల్లో పెట్టమన్నారు. పెద్దావిడ నన్ను కోరింది అదొక్కటే. డ్రిల్లు పక్కింటాయన పట్టుకెళ్ళాడని చెప్పేసి నేనొక ఉపాయం పన్నాను.

"వీఆర్ హెడ్‌సెట్ ఉందిగా. అది కళ్ళకి తగిలించుకుంటే లోపల పెద్ద ఇల్లు కనబడుతుంది. ఫోటోలన్నీ అక్కడ పెడతా. గోడలకి కొదవలేదు."

"ఉన్న గోడకి మేకు దిగదు గానీ, లేని గోడకి ఫోటోలా?" అంది మా ఆవిడ.

ఒక్కొక్కటీ ఏరడానికి బద్ధకమేసి, ఫోన్లో ఉన్నదంతా ఒకేసారి ఆ ఇంట్లో పడేశాను. ఏ ఫైలైనా దానంతటదే గోడకి వేలాడుతుంది, వీడియో అయితే దగ్గరికెళ్ళగానే ఆడుతుంది. ఒకసారి సరిచూడమని మా ఆవిడ అంటే, నువ్వే చూసుకోమని హెడ్‌సెట్ తన చేతికిచ్చాను. ఓ పూటంతా చూసి, బాగుందనే అంది.

ఆదివారం బావమరిదిని కూడా పిలిచాను. అత్తగారు చూసేది అందరికీ కనబడాలని టీవీకి కలిపిందీ నేనే.

మొదట వాళ్ళ పెళ్ళి ఫోటో. పక్కనే తలుపంత కరెంటు బిల్లు. తర్వాత సైకిలుతో మామగారు. ఆయన్ని ఆనుకుని 'ఈ ఏడాది మన లక్ష్యాలు' అని మా ఆఫీసు స్లైడు. అల్లుడుగారు చాలా కష్టపడ్డారని అత్తగారు మర్యాదగా అన్నారు.

తర్వాతి గోడ వచ్చింది. సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న అత్తగారు, సినిమా తెరంత. హాలు దద్దరిల్లేలా గురక. మధ్యలో "రైలు స్టేషను దాటింది" అని నా గొంతు, నా నవ్వు. ఆఫీసులో చూపించి నవ్వుకుందామని తీసిన వీడియో అది.

బావమరిది నేలచూపులు చూశాడు. నేను టీవీ కట్టేయబోయాను.

"ఉండనివ్వండి," అని అత్తగారు చివరిదాకా చూశారు. "మీ మామయ్యగారు రోజూ నా గురక సంగతి చెబితే నమ్మకుండా దెబ్బలాడేదాన్ని. పాపం, నిజమే చెప్పారు."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. తప్పయిపోయింది అత్తయ్యా అన్నది నాకే సరిగ్గా వినబడలేదు.

"ఆ పక్క గోడ కూడా చూడమ్మా," అంది మా ఆవిడ తాపీగా. "అది నేను తగిలించింది."

అక్కడ నేనున్నాను. స్టూలెక్కి, డ్రిల్లుని పాత దుప్పట్లో చుట్టి అటక మీద దాస్తున్నాను. దిగి, చేతులు దులుపుకుని, నాలో నేను నవ్వుకోవడం దాకా తీసింది మహాతల్లి.

"పక్కింటాయన మన అటక మీద ఉంటున్నాడా బావా?" అన్నాడు బావమరిది.

గురక వీడియో ముందే చూశావుగా, తీసెయ్యొచ్చుగా అని మా ఆవిణ్ణి వంటింట్లో అడిగాను.

"తీసేద్దామనే అమ్మకి చెప్పాను. వద్దంది. వీడియో తీసినాయన ఎదురుగానే చూస్తానంది."

అటకెక్కి డ్రిల్లు దించాను. మామగారి ఫోటోకి మొదటి మేకు దించేసరికి గోడ సున్నం నెత్తిన రాలింది. ఎవరూ నవ్వలేదు, అదింకా కష్టంగా ఉంది.

చివరి ఫోటో తగిలించేసరికి వెనక సోఫాలోంచి గురక మొదలైంది. నేను జేబులోంచి ఫోను తీసి స్విచాఫ్ చేసి, చప్పుడు కాకుండా స్టూలు దిగాను.