మూడు కిటికీల రుజువు

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నింటిలోకీ క్యూయే గొప్పదని ఒప్పుకోక తప్పదు. నిప్పు రాజేయడానికి ఒక్కడు చాలు. చక్రం దొర్లించడానికీ ఒక్కడే చాలు. క్యూకి మాత్రం కనీసం ఇద్దరు కావాలి, అందులో ఒకడు రెండోవాడి వీపు చూస్తూ ఇదే ప్రగతి అని నమ్మాలి. ఇంతటి మహత్తర విషయాన్ని గాలికి వదిలేయకూడదనే సదుద్దేశంతో ప్రభుత్వంవారు నిరీక్షణ అధ్యయన సంస్థను స్థాపించారు. (స్థాపించాలని నిర్ణయించాక పదకొండేళ్ళు ఆగారు. ఆ ఆగడాన్ని సంస్థ చేసిన మొదటి అధ్యయనంగా నమోదు చేశారు.)

సంస్థకు మూడంతస్తుల భవనం ఉంది. పై రెండంతస్తులూ క్షేత్ర విభాగానివి. అక్కడ కెమెరాలు, స్టాండ్లు, ఎండకు పెట్టుకునే టోపీలు, బొటనవేలితో నొక్కితే అంకె మారే లెక్కింపు మిషన్లు ఉంటాయి. కింద మెట్ల పక్క గది సిద్ధాంత విభాగం. అందులో ఒక టేబులు, ఒక నల్లబల్ల, ఒక మనిషి. ఆ మనిషిని అందరూ లెక్కలమ్మ అంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం ఆలోచించడం. ఆ గదిలోది మనిషి కదిలితేనే వెలిగే లైటు. ఆలోచించే మనిషి కదలదు గనక అది ఐదు నిమిషాలకోసారి ఆరిపోయేది, ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి ఊపేది, మళ్ళీ వెలిగేది. ఆ అలవాటు ఇంట్లో కూడా వదల్లేదు.

"ఇంతకీ ఆఫీసులో నువ్వు చేసే పనేంటమ్మా?" అని అత్తగారు ఏడాదికోసారైనా అడిగేది.

"ఆలోచిస్తానత్తయ్యా."

"అదేదో ఇంట్లోనే కూర్చుని చెయ్యొచ్చుగా. స్టవ్ మీద పాలు కూడా చూసినట్టుంటుంది."

లెక్కలమ్మకు కోపం వచ్చేది కాదు. డైరెక్టరుగారి కంటే అత్తగారే నయం, ఆవిడ కనీసం కోడలు పాలకైనా పనికొస్తుందని ఒప్పుకుంది.

ఇక అసలు సంగతి. క్షేత్ర విభాగంవారు ఊళ్ళో ఎక్కడ క్యూ కనిపిస్తే అక్కడ వాలిపోయి, నిలబడ్డవాళ్ళను ప్రశ్నలడుగుతారు. ప్రశ్నలు పూర్తయ్యేసరికి పాపం వాళ్ళ వంతు దాటిపోతుంది. అందుకని "ఫలానావారు ఫలానా రోజున నిజంగానే నిలబడ్డారు" అని సంస్థ వాళ్ళకొక సర్టిఫికెట్ ఇస్తుంది. అది చూపిస్తే పనిచేసే చోట ఆ రోజు జీతం కోయరు. ఆ సర్టిఫికెట్ కోసం సంస్థ వరండాలో మళ్ళీ క్యూ. ఒక కిటికీ, ఒక గుమాస్తా, రోజుకు నలభైమంది. క్యూల మీద పరిశోధించే సంస్థ ముందే నలభైమంది నిలబడి ఉండడం చూసేవాళ్ళకు బాగాలేదని డైరెక్టరుగారు బాధపడి, కిటికీలను మూడు చేయించారు. మొదటి కిటికీలో చీటీ ఇస్తారు. రెండో కిటికీలో చీటీ తీసుకుని టోకెన్ ఇస్తారు. మూడో కిటికీలో టోకెన్ తీసుకుని పని చేస్తారు.

గుమాస్తా మాత్రం ఒక్కడే.

ఆయన మొదటి కిటికీలో ఒక మనిషికి చీటీ రాసిచ్చి, తలుపు తాళం వేసుకుని, వెనక నడవా చుట్టూ తిరిగి రెండో గదికి వెళ్ళేవాడు. అక్కడ మొదటి కిటికీ గుమాస్తా నుంచి బాధ్యతలు స్వీకరించినట్టు రిజిస్టరులో రాసేవాడు. ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి సంతకం రెండూ తనే పెట్టేవాడు. (ఒకసారి పొరపాటున రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయని ఆయనకు మెమో ఇచ్చారు.) ఆ తర్వాత మూడో గది. ఈ ప్రదక్షిణ ఒక్కో మనిషికి ఒక్కోసారి. రోజుకు నలభైమందికి అయ్యే పని తొమ్మిదిమందికి పడిపోయింది.

లెక్కలమ్మ దీనిమీద రెండు పేజీల రుజువు రాసింది. గుమాస్తాల సంఖ్య పెంచకుండా కిటికీలు ఎన్ని పెంచినా జనం నిలబడే కాలం పెరుగుతుందే తప్ప తగ్గదని తేల్చింది. దాన్ని డైరెక్టరుగారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"సిద్ధాంతపరంగా బాగానే ఉందమ్మా. ప్రాక్టికల్‌గా ఏముంది?"

"ఒక మనిషి మూడు చోట్ల ఉండలేడు సార్. దానికి ప్రయోగం ఎందుకు?"

"మీరు ఊహించారు. మావాళ్ళు చూశారు." ఆయన క్షేత్ర విభాగం నివేదిక ముందుకు తోశారు. అందులో నియమావళి ప్రకారం క్యూ అంటే మూడో కిటికీ ముందు నిలబడినవారు. పూర్వం ఉన్న ఒక్క కిటికీ ముందు నలభైమంది ఉండేవారు, ఇప్పుడు మూడో కిటికీ ముందు ఒక్కరే. అనగా క్యూ తొంభై ఏడున్నర శాతం తగ్గింది. మొదటి కిటికీ ముందున్నది స్వాగత శ్రేణి, అది క్యూ కాదు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. సిద్ధాంత విభాగం నెలాఖరు రోజు సాయంత్రం ఐదులోగా తన ఉపయోగాన్ని నిరూపించే దరఖాస్తు ఇవ్వాలి. ఇవ్వకపోతే విభాగం మూసేస్తారు, లెక్కలమ్మను టోపీ పెట్టి క్షేత్ర విభాగానికి పంపేస్తారు. దరఖాస్తులు వరండాలోని కిటికీలోనే, మామూలు జనంతో పాటే ఇవ్వాలి. (సంస్థలో అందరూ సమానమే. డైరెక్టరుగారు ఇంకా ఏ దరఖాస్తూ పెట్టుకోలేదు.)

లెక్కలమ్మ ఉత్తర్వు పట్టుకుని నల్లబల్ల ముందు కూర్చుంది. ఆ నల్లబల్ల తప్ప ఆమెకు ఆ భవనంలో కావలసిందేదీ లేదు. దాని ముందు ఒక చిక్కు విడిపోయినప్పుడు కలిగే సంతోషం ఇంకెక్కడా దొరకదని ఆమెకు తెలుసు. అందుకని నెలంతా కూర్చుని, రెండు పేజీల రుజువును ఒకటిన్నర పేజీకి తగ్గించింది. ఎన్ని కిటికీలకైనా, ఎంతమంది గుమాస్తాలకైనా వర్తించేలా చెక్కింది. చూస్తే తనకే ముచ్చటేసింది. నెలాఖరు రోజు పొద్దున తొమ్మిదింటికి దరఖాస్తుకు దాన్ని జతచేసి వరండాలోకి వచ్చింది.

అక్కడ పప్పులో కాలేసినట్టు తెలిసింది. రుజువు ఎన్ని కిటికీలకైనా వర్తిస్తుంది గానీ, ఈ మూడు కిటికీలకూ, ముందున్న ఈ ముప్పై ఒక్కమందికీ, దరఖాస్తు పట్టుకున్న ఈ మనిషికీ వర్తిస్తుందని ఆమెకు తట్టనేలేదు. సిద్ధాంతం చేసేవాళ్ళకు తప్ప ఇలాంటి మరుపు ఇంకెవరికీ సాధ్యం కాదు.

"ఎంతసేపు పట్టుద్దమ్మా?" అని ముందున్న కారు మెకానిక్ వెనక్కి తిరిగాడు.

ఆమె దరఖాస్తు వెనక్కి తిప్పి లెక్క కట్టింది. "మీకు నాలుగో రోజున అవుతుంది. మీ వెనకే నాకు. ఇవాళ సాయంత్రం ఐదింటికి నా ముందు ఇరవై ఇద్దరుంటారు. రేపు పదముగ్గురు. ఎల్లుండి నలుగురు."

"అంత కరెక్టుగా ఎట్లా చెప్తున్నారు?"

"ఆయన ఒక్కడే. కిటికీలు మూడు."

మెకానిక్ కిటికీల వంక ఒకసారి, గుమాస్తా వంక ఒకసారి చూశాడు. "నిజమే. మా షెడ్డులో ఒక్క పానా పెట్టుకుని మూడు కార్లు విప్పితే ఇంతే," అన్నాడు. ఆమె పద్దెనిమిదేళ్ళ సర్వీసులో సిద్ధాంతం ఇంత తొందరగా అర్థమైన మొదటి మనిషి అతనే. ఆమెకు అతన్ని విభాగంలో చేర్చుకోవాలనిపించింది.

పదకొండింటికి క్షేత్ర విభాగం అధికారి వచ్చాడు. వేలు ఎప్పుడూ మిషను మీదే ఉంటుంది గనక ఆయన్ని క్లిక్కుల మాస్టారంటారు. మూడో కిటికీ ముందు ఒకసారి నొక్కి వెళ్ళిపోబోయాడు.

"మాస్టారూ, నన్ను కూడా లెక్కెయ్యండి," అంది లెక్కలమ్మ.

"మీరు క్యూలో లేరుగా మేడమ్. ఇది స్వాగత శ్రేణి."

"మరి రెండు గంటల్నుంచీ నేనేం చేస్తున్నట్టు?"

ఆయన నియమావళి తీసి చూశాడు. "నిలబడ్డానికి సిద్ధపడుతున్నారు," అని చెప్పి, మర్యాదగా టోపీ తీసి పెట్టుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం గుమాస్తా తాళాలగుత్తితో వరండాలోంచి పోతుంటే ఆమె బతిమాలింది. "బాబూ, మూడు పనులూ ఒక్క కిటికీలో కూర్చుని చేసేయొచ్చు కదా? అందరమూ గంటల్లో ఇళ్ళకు పోతాం."

"ఆ సంగతి నాకూ తెలుసమ్మా. నా మోకాళ్ళకి ఇంకా బాగా తెలుసు," అన్నాడాయన నిలబడకుండానే. "మోకాళ్ళ మాట వినమని ఉత్తర్వు లేదు కదా."

ఐదింటికి షట్టరు పడింది. మెకానిక్ ముందుకు వెళ్ళి ఒక్కొక్కరినీ తాకుతూ లెక్కపెట్టుకొచ్చాడు. తనతో కలిపి సరిగ్గా ఇరవై ఇద్దరు. "అమ్మా, కరెక్ట్!" అని కేకేశాడు. వరండాలో జనం చప్పట్లు కొట్టారు. లెక్కలమ్మ ఆనందం పట్టలేక ఎడమ చెయ్యి పైకెత్తి ఊపింది. తను కట్టిన లెక్క ప్రకారమే తన విభాగం ఇప్పుడే మూతపడిందని ఆ తర్వాత గుర్తొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఇంటికి వెళ్ళి మర్నాడు మళ్ళీ వచ్చింది.

పదముగ్గురు. నలుగురు. నాలుగో రోజున మెకానిక్ తర్వాత ఆమె చీటీ తీసుకుంది, టోకెన్ తీసుకుంది, దరఖాస్తు ఇచ్చింది. దాని వెనక మూడు రోజుల అంకెలూ, ఎదురుగా మెకానిక్ సాక్షి సంతకమూ ఉన్నాయి. గుమాస్తా తన రెండు రకాల సంతకాలూ పెట్టి, "గడువు దాటి అందినది" అని ముద్ర కొట్టి, ముద్ర కొట్టినందుకు క్షమించమన్నాడు. ఈ అంకెలు చూశాకైనా పైవాళ్ళు మనసు మార్చుకుంటారని ఆమె గట్టిగా ఆశపడింది. కిటికీలు మళ్ళీ ఒకటవుతాయి, నల్లబల్ల తనకు మిగులుతుంది.

రెండు వారాలకు జవాబు వచ్చింది. లెక్కలమ్మ మెట్ల మీదే కూర్చుని చదివింది.

"ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, తాము ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ సంస్థ వరండాలో అక్షరాలా రుజువైనట్లు గుర్తించి డైరెక్టరుగారు తమను మనసారా అభినందించారు."

ఆమె కళ్ళు తుడుచుకుని కిందికి చదివింది.

"సదరు రుజువు మూడు రోజులు ఆలస్యంగా అందినందున సిద్ధాంత విభాగాన్ని మూసివేయడమైనది. తాము రేపటి నుంచి టోపీతో హాజరు కావలెను. సంస్థ చరిత్రలో రుజువైన సిద్ధాంతం ఇదొక్కటే అయినందున, అది చెదిరిపోకుండా భద్రపరిచే నిమిత్తం, సదరు మూడు కిటికీలను, ఒక గుమాస్తాను, ముప్పై ఒక్కమంది జనాన్ని ఇకమీదట యథాతథంగా కొనసాగించాలని నిర్ణయించడమైనది."