ప్లగ్గు పట్టింది, ఇంకేం కావాలి?

మా అక్క కెనడా వచ్చి విన్నిపెగ్‌లో దిగిన వారం చేయవలసిన పనుల జాబితా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. చలికోటు కొనడం. బూట్లు కొనడం, ఒక సైజు పెద్దవి, లోపల రెండు జతల మేజోళ్ళు పట్టాలి. ఫోన్ నంబరు తీసుకోవడం. ఆరోగ్య కార్డు. చర్చిలో ఫాదర్‌కు పరిచయం. ఏ బస్సు ఎటు పోతుందో చూపించడం. నర్సు లైసెన్సు కోసం బోర్డుకు కాగితాలు పంపడం. ఊరి నుంచి తెచ్చుకున్న రైస్ కుక్కర్‌ని ప్లగ్గులో పెట్టి అన్నం వండడం.

ఎనిమిది పనుల్లో ఏడు ఆ వారమే అయిపోయాయి. నర్సు లైసెన్సు పని మాత్రం నాలుగేళ్ళ తొమ్మిది నెలలుగా అవుతూనే ఉంది. నర్సుగా పని మానేసి ఐదేళ్ళు నిండితే ఫైలు మూసేస్తారట. వచ్చే మార్చి ముప్పై ఒకటికి నిండుతాయి. అలాంటి చిన్న విషయాలు ఇవాళ మనకు ముఖ్యం కాదు. ఇవాళ కుక్కర్ గురించి మాట్లాడుకుందాం.

పాఠక మహాశయులారా! సూటిగా చెబుతున్నాను. పరదేశం వచ్చేటప్పుడు సొంత దేశపు కరెంటు సామాను వెంట తెచ్చుకోవడాన్ని మించిన పుణ్యకార్యం లేదు!

నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ పట్టిన మొదటివాణ్ని నేను. చదివింది వ్యవసాయ శాస్త్రమే అనుకోండి, అయినా కరెంటు, కోర్టు, కాలేయం, దేని గురించి సందేహమొచ్చినా మావాళ్ళు నన్నే అడుగుతారు. ఆ బాధ్యతతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు లండన్ నుంచి వచ్చినవాళ్ళ దురదృష్టం చూడండి. వాళ్ళ ప్లగ్గుకు మూడు లావుపాటి కాళ్ళు. ఇక్కడి గోడలో దూరవు. మొదటి రోజే దుకాణానికి పరుగెత్తాలి. అక్కడివాడు 'వోల్టేజీ చూసుకున్నారా?' అని అడుగుతాడు. మనశ్శాంతి పోతుంది. మన ఫిలిప్పీన్స్ ప్లగ్గుకు ఆ ఖర్మ లేదు. దానికి రెండు పలచని కాళ్ళు, ఇక్కడి గోడకు రెండు సన్నని బెజ్జాలు. ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మన కరెంటు రెండు వందల ఇరవై వోల్టులు, ఇక్కడిది నూట ఇరవై. ఆ సంగతి ప్లగ్గుకు తెలియదు, గోడకు తెలియదు, మనకు మాత్రం ఎందుకు?

మా అక్క లియొనోరా, మా నోట మనాంగ్ నోరింగ్, అంటే నోరింగ్ అక్క, ఇలోఇలో జిల్లా జనివాయ్ ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ళు పిల్లల వార్డు నర్సు. ఆమె వచ్చేస్తుంటే వార్డంతా చందాలేసుకుని ఈ కుక్కర్ కొనిచ్చింది. దాన్ని తెల్ల యూనిఫాంలలో చుట్టి, గిన్నెలో తన సర్టిఫికెట్లు పెట్టి తెచ్చుకుంది. దిగిన సాయంత్రమే సర్టిఫికెట్లు తీసి బియ్యం పోశాం. ప్లగ్గు పట్టింది. ఎర్ర దీపం వెలిగింది, కాస్త మసగ్గా. దీపం వెలిగాక కూడా అనుమానించేవాడు మనిషేనా?

అరగంట అయింది. గంట అయింది.

మనాంగ్ మూత మీద చెయ్యి పెట్టి చూసింది. "తోతో, ఇది ఉడుకుతోందా, ఆలోచిస్తోందా?"

"కొత్త దేశం కదా మనాంగ్, అలవాటు పడుతోంది," అన్నాను. నలభై నాలుగేళ్ళు వచ్చినా ఆమెకు నేను తోతోనే, అంటే తమ్ముణ్నే. తమ్ముడైనా డిగ్రీ ఉంది కాబట్టి నా మాట నమ్మింది.

గంటా యాభై నిమిషాలకు అన్నమైంది. అడుగున గంజి, పైన రాళ్ళు. మొదటి రోజు కదా అనుకున్నాం. ఆ తర్వాత నాలుగేళ్ళ ఎనిమిది నెలలు ఆ మొదటి రోజే నడిచింది.

ఇక లాభాలు చూడండి!

కుక్కర్ మీట నొక్కి జపమాల అయిదు గుత్తులూ పూర్తి చేయవచ్చు. అందరి కోసం ప్రార్థించాక, పడనివాళ్ళ కోసం కూడా ప్రార్థించడానికి సమయం మిగులుతుంది. ఈ ఊళ్ళో పక్కింటివాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఇల్లు ఏదైనా ఉందా? మాది ఉంది. ఎందుకంటే అన్నం కాలేదు!

మనాంగ్ తెచ్చిన ఇస్త్రీపెట్టె ఇంతవరకు ఒక్క చొక్కా కాల్చలేదు. దాన్ని బట్ట మీదే వదిలేసి చర్చిలో పూజకు వెళ్ళి రావచ్చు. తిరిగొచ్చేసరికి బట్ట ముడతలు అలాగే ఉంటాయి, పిల్లి మాత్రం పెట్టె మీద పడుకుని ఉంటుంది. ఫ్యాను రెక్కలు ఎంత నిదానంగా తిరుగుతాయంటే, మూడింటినీ విడివిడిగా తుడవవచ్చు, ఆపనక్కరలేదు. పైగా మంచు మోకాలి లోతున్న జనవరిలో ఫ్యాను వేగంగా తిరిగితే ఏం చేసుకుంటాం?

కింది అంతస్తు మనాంగ్ దాదో కరావోకె యంత్రం... క్షమించండి, మనోంగ్ దాదో. ఆయన మగవాడు, మనోంగ్ అనాలి, అంటే అన్నయ్య. ఆయన యంత్రం ఇక్కడ ప్లగ్గులో పెడితే అసలు మేలుకోనే లేదు. నాలుగు అంతస్తుల భవనం, ప్రతి ఆదివారం నిశ్శబ్దం. ఎవరికి కృతజ్ఞత చెప్పాలో జనానికి తెలియదు. నేను చెబుతున్నాను, వోల్టేజీకి చెప్పండి!

మనోంగ్ దాదో ముప్పై ఏళ్ళు సరుకు ఓడకు కెప్టెన్. ఇప్పుడు సూపర్‌మార్కెట్ ముందు తోపుడుబళ్ళు పోగుచేసి లోపలికి తోస్తాడు. నలభై బళ్ళు ఒకేసారి, వరస చెదరకుండా, గాలివాటు చూసుకుని మలుపు తిప్పుతాడు. చూసి తీరాలి. మా వీధి చివర డోనట్లు అమ్మే ఆయన మా దేశంలో పళ్ళ డాక్టరు. ఇక్కడ పళ్ళు పాడుచేసే వైపు మాత్రమే ఆయనకు అనుమతి ఉంది. మా మనాంగ్ ఒక వృద్ధాశ్రమంలో తువ్వాళ్ళు మడుస్తుంది. అందరూ పనిలోనే ఉన్నారు. దీపాలు వెలుగుతున్నాయి.

ఎదురు దిక్కున ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఇక్కడ కొన్న టోస్టరును నేను పెట్టెలో సర్ది జనివాయ్‌కు పంపాను. ప్లగ్గు అక్కడా పట్టింది. ఎనిమిది సెకన్లలో రొట్టె బొగ్గయింది, తొమ్మిదో సెకనులో టోస్టరూ బొగ్గయింది. ఇక్కడి వస్తువు అక్కడికి వెళితే అంత వెలుగు వెలుగుతుంది! ఒకసారి ఈ ఖండం నుంచే ఒక సలహాదారు మనాంగ్ వార్డుకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, ఆరు వారాల శిక్షణ. దిగిన గంటలో మెడలో పూలదండ, చేతిలో మైకు. చేతులు కడుక్కోవడం ఎలాగో పంతొమ్మిది మంది నర్సులకు నేర్పాడు. అతను ఎత్తుకున్న పసివాడి తల వెనక్కి వాలిపోతుంటే మనాంగ్ కింద చెయ్యి పెట్టింది. ఫోటోలో ఆ చెయ్యి మాత్రమే పడింది.

సరే, కుక్కర్‌కు వద్దాం.

మొన్న నవంబరులో వృద్ధాశ్రమం భోజనాల గదిలో మిస్టర్ కోస్టిక్ అనే పెద్దాయనకు బంగాళదుంప కూరిన పెరోగీ కుడుము గొంతుకు అడ్డం పడింది. ఎనభై ఆరేళ్ళు. మొహం నీలమైంది. మనాంగ్ ఉతికిన తువ్వాళ్ళ బండితో అటే పోతోంది. బండి వదిలేసి, వెనక నుంచి పట్టుకుని, పొట్ట పైభాగాన రెండుసార్లు గట్టిగా నొక్కింది. పెరోగీ ఎదుటి టేబుల్ మీద పడింది. శిక్షణ పొందిన సిబ్బంది నాలుగు నిమిషాలకు వచ్చి, ఆయన బతికే ఉన్నాడని నిర్ధారించారు.

పెద్దాయన దగ్గు ఆగాక అడిగాడు. "తువ్వాళ్ళు మడిచే అమ్మాయివి, నీకిదెట్లా తెలుసు?"

"పంతొమ్మిదేళ్ళు పిల్లల వార్డులో చేశాను సార్. పిల్లలు నాణేలు మింగుతుంటారు."

"నేను పిల్లాణ్నా?"

"ఈ ఇంట్లో అందరూ పిల్లలే సార్. మీరు కాస్త మొండి పిల్లాడు."

మర్నాడు మనాంగ్‌కు ఒక ఉత్తరం అందింది. లాండ్రీ సిబ్బంది తమ విధుల పరిధి దాటరాదు, మరోసారి జరిగితే చర్య తప్పదు. మర్యాదగా రాశారు. తేదీ, సంతకం, అన్నీ ఉన్నాయి. నియమం మంచిదే! అర్హత లేని చేతుల్లో బతకడంకన్నా అర్హత ఉన్న చేతుల కోసం ఎదురుచూడడం క్షేమం కదా? ఆ మాటే మనాంగ్ మిస్టర్ కోస్టిక్‌తో అంటే ఆయన ఏదో అన్నాడట. అది ఈ పత్రికలో అచ్చు వేయరు.

అప్పటి నుంచి ఆయన రోజూ లాండ్రీ గది గుమ్మంలో చక్రాల కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నలభై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్. మాటల్లో మనాంగ్ మా కుక్కర్ సంగతి చెప్పింది.

"రెండు గంటలా? దాని అడుగున ఏం రాసుంది?"

"రెండొందల ఇరవై."

పెద్దాయన పగలబడి నవ్వాడట. "అమ్మాయ్, సగం తోపు ఇస్తే పని సగం జరగదు, పావు వంతే జరుగుద్ది. ఐదేళ్ళు దాన్ని పస్తు పెట్టి పని చేయించారు మీరు!"

"మరి ప్లగ్గు పట్టింది కదా సార్?"

"అదే వచ్చిన చావు. పట్టకపోయుంటే ఎవడో ఒకడు వచ్చి చూసేవాడు. పట్టింది, దీపమెలిగింది, ఇంకెవడు చూస్తాడు?"

మనాంగ్ ఇంటికొచ్చి ఈ మాట చెప్పింది. నేను పిల్లిని ఇస్త్రీపెట్టె మీంచి దింపే పనిలో పడ్డాను.

క్రిస్మస్ ముందు ఆయన కూతురు ఒక ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి మా గుమ్మంలో దించి వెళ్ళింది. తండ్రి గ్యారేజీలో మూలనున్నదట. ఇనుప దిమ్మ, పెంపుడు కుక్కంత బరువు, తేనెటీగల పట్టులా రొద. గోడలోంచి నూట ఇరవై తాగి, రెండొందల ఇరవై చేసి ఇస్తుంది. ఆ సాయంత్రం మనోంగ్ దాదో వచ్చాడు. మామూలుగా ఆయన ఓడ కథ అన్నం అయ్యేలోగా మనీలా రేవు వదిలి రోటర్‌డామ్ చేరుతుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మనాంగ్ మీట నొక్కింది.

ఇరవై రెండో నిమిషంలో టక్కుమంది.

"ఏంటమ్మా ఇది!" అన్నాడు మనోంగ్ దాదో. "నా ఓడింకా లంగరే ఎత్తలేదు!"

మనాంగ్ మూత తీసింది. మెతుకు మెతుకూ విడిగా నిలబడి ఉంది. ఆమె తినలేదు. కుక్కర్ పక్కనే నిలబడి, తడిగుడ్డతో దాని ఒళ్ళంతా మెల్లగా తుడిచింది, వార్డులో పసివాళ్ళకు ఒళ్ళు తుడిచినట్టు.

"చూశావా తోతో," అంది. "దీనికి ఏ రోగమూ లేదు."

పాఠకులారా, నేను ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు పూర్తిగా వ్యతిరేకం! ఒక కుక్కర్‌కు అసలు బలం ఇచ్చి చూడండి, ఏమవుతుందో. రేపు ఇస్త్రీపెట్టె వేడెక్కాలంటుంది. ఎల్లుండి కరావోకె మేలుకుంటుంది. ఆ తర్వాత తోపుడుబళ్ళు తోసేవాడు సముద్రం ఎక్కడుందని అడుగుతాడు. ఇలాంటి కోరికలకు అంతుంటుందా?

ఈ ప్రమాదాన్ని లైసెన్సు బోర్డు ముందే గ్రహించింది. వాళ్ళ దూరదృష్టికి జోహార్లు! మనాంగ్ పంతొమ్మిదేళ్ళ అనుభవం చాలదన్నారు. ఒక వంతెన కోర్సు, అంటే అక్కడి చదువుకూ ఇక్కడి చదువుకూ మధ్య లోటు పూడ్చేది, చేయాలి. కోర్సులో సీటు వచ్చే సెప్టెంబరుకు గానీ లేదు. ఫైలు మార్చికే మూతపడుతుంది. ఫైలు మూతపడితే కోర్సుకు అర్హత ఉండదు. ఈ మధ్యలో నర్సుగా పని చేసి చూపిస్తే గడువు పొడిగిస్తారు. నర్సుగా పని చేయాలంటే లైసెన్సు ఉండాలి. నేను ఈ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. డిగ్రీ ఉన్నవాణ్ని కదా, ఎక్కడో తలుపు ఉండే ఉంటుందని వెతికాను.

ఆ డిగ్రీ ఎక్కడిదో ఇంతవరకు చెప్పలేదు. మనాంగ్ రాత్రి డ్యూటీలు చేసి చదివించింది. అందుకని ఆమె తరఫున బోర్డుకు ఉత్తరాలు రాసే పని నాది. పదకొండు రాశాను. 'మీ ఉత్తరం అందింది' అని పదకొండు జవాబులు వచ్చాయి. చివరికి వ్యాసమే రాయవలసి వచ్చింది.

ఆ పాత జాబితా ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ఏడు పనుల మీద గీతలు, ఒకదాని మీద లేదు.

మీకు బోర్డులో తెలిసినవారెవరైనా ఉంటే మంచిదే. లేకపోయినా ఫరవాలేదు, ఒక్క చిన్న పని చేసిపెట్టండి. మార్చి ముప్పై ఒకటి రాత్రి మీ ఇంట్లో కుక్కర్ టక్కుమన్నప్పుడు, వడ్డించే ముందు ఒక పేరు తలచుకోండి. లియొనోరా పాల్మారెస్, పిల్లల వార్డు నర్సు. ఆ మర్నాటి నుంచి కాగితాల్లో 'నర్సు' అనే ఆ చివరి మాట ఉండదు. మీరన్నా గుర్తుంచుకోండి.