టేకు పెట్టెకు తగిన తుపాకీ

కూతురు తులసికి తుపాకీ ఎంచింది నారాయణమూర్తి కాదు, అతని అత్త గున్నమ్మ. ఇది అన్యాయం. ఇందులో వాదించడానికేమీ లేదు.

నలభై ఏళ్ళుగా గజపతినగరం చుట్టుపక్కల మంచి తలుపు కావాలంటే నారాయణమూర్తి దగ్గరికే రావాలి. చెక్కను వేలితో తట్టి దాని వయసు చెబుతాడు. ఒక కన్ను మూసి పలక అంచు వెంబడి చూశాడంటే వెంట్రుకవాసి వంపు కూడా దాక్కోలేదు. అలాంటివాణ్ణి పక్కన నిలబెట్టి, జన్మంతా మొక్కజొన్న చేలో మంచె మీద కూర్చుని వడిసెలతో రాళ్ళు విసిరి చిలకల్ని తోలిన ముసలామె తుపాకీ ఎంచింది.

నారాయణమూర్తి భార్య భారతి పోయి ఆరేళ్ళయింది. పోతూ కూతురు తులసినీ, తల్లి గున్నమ్మనూ అతనికి అప్పగించి పోయింది. కూతురి విషయంలో అతనికి ఫిర్యాదు లేదు.

తులసి కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి తుపాకీ పట్టింది. విశాఖ దారిలో ఉన్న క్లబ్బులో రమేష్‌బాబు అనే మాజీ సైనికుడు ఆమెను గాలిలో ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టే ఆటలోకి దింపాడు. పాతిక పళ్ళేలకు పదిహేను కొడుతోంది. రాష్ట్ర పోటీలో నిలవాలంటే ఇరవై దాటాలి. ఏ చేతి వాటమని కోచ్ అడిగితే, తండ్రి వైపు ఒకసారి చూసి, "కుడి" అన్నది.

"క్లబ్బు తుపాకీతో ఇంతకు మించి రాదండీ. అమ్మాయి ఒంటికి సరిపడేది సొంతంగా ఉండాలి," అన్నాడు కోచ్. లైసెన్సు వచ్చాక, అమ్మకానికి ఉన్న రెండు తుపాకుల ఫొటోలు పంపాడు.

ఒకటి పాత వేట తుపాకీ. పక్కపక్కన రెండు గొట్టాలు, నిగనిగలాడే చెక్క, దాని మీద లతల మధ్య చెక్కిన జింక. రెండోది నల్లగా, మొండిగా, భుజానికి ఆనే మడమ ఒక పక్కకి ఒరిగి ఉంది.

నారాయణమూర్తి జింకను చూశాడు. ఇక రెండో ఫొటో చూడలేదు.

ఆ వారమే టేకుతో పెట్టె చేశాడు. ముందు అద్దం, లోపల ఎర్ర మఖమల్ మెత్త, సరిగ్గా జింక తుపాకీ పడుకునే ఆకారంలో గాడి. ముందు గదిలో గోడకు తగిలించి వీధి వీధంతా పిలిచి చూపించాడు. ఇక తుపాకీ రావడమే తరువాయి.

"నాన్నా, బరువుగా ఉంటే?" అన్నది తులసి.

"ఉన్నా బాగుందనే సెప్పు."

"తగలకపోతే?"

"ఎందుకు తగలదు? జింకని సూడు, కొమ్ములెలగున్నాయో!"

"తుపాకీకి పెట్టి సేస్తారు గానీ, పెట్టికి తుపాకీ ఏటి నాయనా?" అన్నది వాకిట్లోంచి గున్నమ్మ. ఆమెకు చెవుడని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరును నారాయణమూర్తి ఇంతవరకు క్షమించలేదు.

ఆదివారం గోవింద్ ఆటో మాట్లాడుకుని, అత్త నూతి దగ్గర ఉండగా చప్పుడు లేకుండా బయలుదేరాలని పథకం. ఆటో ఎక్కేసరికి ఆమె కేరియర్ ఒళ్ళో పెట్టుకుని లోపల కూర్చుని ఉంది.

"నువ్వెందుకత్తా? ఆ సప్పుడికి గుండాగిపోద్ది."

"ముప్పయ్యేళ్ళు నీతో ఏగిన గుండె బాబు. పోనీ గోవిందూ."

క్లబ్బులో మర పళ్ళేన్ని విసిరింది. నారింజరంగు బిళ్ళ గాలిలో దూసుకుపోయింది. తులసి జింక తుపాకీని కుడి భుజానికి ఆనించి, ఎడమ కన్ను మూసి పేల్చింది. పళ్ళెం హాయిగా వెళ్ళి గడ్డిలో దిగింది. అలా పది దిగాయి. పదకొండోది పగిలింది, రాయి మీద పడి.

"గాలి," అన్నాడు నారాయణమూర్తి. ఒక్క ఆకు కదలడం లేదు.

"తలుపుకి గడియగా బాగుంటాది," అన్నది గున్నమ్మ. తరువాత మనవరాలి దగ్గరికి నడిచింది. "ఆ కన్నెందుకు మూస్తన్నావే?"

"నాన్న నేర్పాడు అమ్మమ్మా. పలకని చూసినట్టు చూడమన్నాడు."

"పలక ఎగుర్తాదేటి?"

నారాయణమూర్తి జింక తుపాకీ అందుకుని కొమ్ముల మీద దుమ్ము తుడిచాడు. దుమ్మేమీ లేదు.

గున్నమ్మ నడుం దగ్గర దోపుకున్న వడిసెల తీసింది. గుడికెళ్ళినా అది ఆమె నడుం వదలదు. మనవరాలి చేతిలో పెట్టి, రాయి అందించి, "కోచ్ బాబూ, ఒక పళ్ళెం ఇసురు," అన్నది.

తులసి తండ్రి వైపు చూడలేదు. వడిసెలను ఎడమ చేత్తో పట్టి, రెండు కళ్ళూ తెరిచి తిప్పింది. మొదటి రాయి తప్పింది. రెండో రాయికి పళ్ళెం అంచు ఎగిరిపోయింది.

"పుర్రసెయ్యి!" అని అరిచాడు నారాయణమూర్తి.

ఆ చెయ్యిని అతను ఏనాడో మాన్పించాడు. అయిదేళ్ళప్పుడు అన్నం దగ్గర దాన్ని తువ్వాలుతో నడుముకి కట్టేశాడు. పలక మీద బలపం ఎడమ చేత పడితే వేళ్ళ మీద కొట్టాడు. మానిందనుకున్నాడు.

"మాన్లేదు. నాతో మంచెక్కి ఆ సేత్తోనే వడిసెల తిప్పింది. మంచె మీదకి నీ పెత్తనం ఎక్కలేదు," అన్నది గున్నమ్మ. "నా కూతురిదీ పుర్రసెయ్యే. కాపరానికొచ్చిన్నాడే ఎడం సేత్తో వడ్డించిందని కంచం ముందునుంచి లేసిపోనావు. దాని సెయ్యి నువ్ కట్టేసినావు. దీనిది నాను దాసినాను."

 ఇక్కడితో ఊరుకుని ఉంటే నారాయణమూర్తికి బాగుండేది.

"ఏ పనికైనా కుడిసెయ్యే సెయ్యి. సూడండి," అని వడిసెల లాక్కుని కుడిచేత్తో గిరగిరా తిప్పి వదిలాడు.

పళ్ళెం ముందుకి పోయింది. రాయి వెనక్కి పోయింది.

"మావా! నా ఆటో అద్దం!" అని గోవింద్ కేక.

"సూసినారు కదా బాబూ, కుడిసేతి మగిమ," అన్నది గున్నమ్మ.

కోచ్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి నల్ల తుపాకీ తెచ్చాడు. "ఇది ఎడమ భుజానికి చేసిందండీ. అందుకే మడమ అటు ఒరిగింది. వాటం కుడి అన్నది కదా అని నేను అమ్మాయి చేతికివ్వలేదు."

"ఇప్పుడియ్యి బాబూ, అదే దీని తుపాకీ," అన్నది గున్నమ్మ.

తులసి దాన్ని ఎడమ భుజానికి ఎత్తింది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. మొదటి మూడు తప్పాయి. నాలుగోది గాలిలోనే పొడి అయింది. అయిదోది పొడి. ఆరోది పొడి. ఆకాశంలో ఎవరో పసుపు చల్లినట్టుంది.

అప్పటికి గడ్డిలో కూలబడి ఉన్న నారాయణమూర్తి లేచి నిలబడి, "నా గుంట! అది నా కూతురు!" అని అరిచాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేచానని తరువాత చెప్పాడు. అరుపు సంగతి ఎవరూ అడగలేదు.

"ఒక్క అంగుళం పొడుగుంది. మడమ తగ్గించాలి. మంచి వడ్రంగి కావాలి," అన్నాడు కోచ్.

అందరూ నారాయణమూర్తి వైపు చూశారు. అతను ఆకాశం వైపు చూశాడు. మర్నాడు ఉలీ రంపమూ పట్టుకుని క్లబ్బుకు వెళ్ళి కోచ్ ఎదుటే కోశాడు. ఒక కన్ను మూసి చూసుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

నాలుగు నెలల తరువాత రాష్ట్ర పోటీలో తులసి పాతికకి ఇరవై మూడు కొట్టింది. పతకాన్ని ఎడమ చేత్తో ఎత్తి చూపించింది. ఆ ఫొటోను నారాయణమూర్తి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. తలుపు కొలతలకు వెళ్ళినచోటల్లా ముందు అది తీస్తాడు, తరువాతే టేపు. తుపాకీ ఎవరు ఎంచారని పేపరువాళ్ళు అడిగితే తులసి, "మా అమ్మమ్మ," అన్నది. ఆ అంగుళం మాట ఎవరూ రాయలేదు. ఊళ్ళో ఇప్పుడు గున్నమ్మను గన్నమ్మ అంటున్నారు. పిలిస్తే చెవుడు లేకుండా పలుకుతోంది.

తుపాకీని అద్దాల పెట్టెలో పెట్టకూడదట, ఇనప బీరువాలో తాళం వేసి ఉంచాలట. కోచ్ పెట్టె చూశాక చెప్పాడు. ముందే అడిగి ఉంటే ముందే చెప్పేవాణ్ణన్నాడు.

పెట్టె ఖాళీగా ఉండకూడదని గున్నమ్మ అందులో తన వడిసెల పెట్టించింది. గాడి పూడ్చి, మఖమల్ కత్తిరించి, దాన్ని పడుకోబెట్టింది నారాయణమూర్తే. ఆమె వాకిట్లో మంచం మీంచి చూసింది.

"కుసింత ఎడమకి జరుపు నాయనా."

జరిపాడు. ఈ సంగతి ఇంతటితో ఆఖరు. ఇక అతను ఈ మాట ఎత్తడు. తలుపులకు వచ్చేవాళ్ళు తలుపుల గురించే మాట్లాడాలి.