ప్రసంగానికి ముందు చుక్కల మందు

ఆ ఉదయం కోడలి పథకం చాలా సాదాసీదాది. కాఫీ తాగాలి, ప్రసంగం ఇంకోసారి చదువుకోవాలి, పెద్దాయన కనబడితే వినయంగా నమస్కారం పెట్టాలి, ఆపైన వేదిక ఎక్కాలి. కంటి లోపలి తెర మీద, అంటే రెటీనా మీద పరిశోధన చేసేవాళ్ళంతా ఏడాదికోసారి కలిసే సదస్సు అది. ఇప్పుడున్న ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి. ఈ రంగంలో అందరూ పెద్దాయన అని పిలుచుకునే ప్రొఫెసరు తన ల్యాబ్‌లోకి తీసుకుంటే బతికిపోయినట్టు. లేదంటే ఇన్నేళ్ళ చాకిరీ నీళ్ళపాలే. ఆయనేమో, తెర మీద బొమ్మలు నచ్చకపోతే ప్రసంగం మధ్యలోనే లేచి వెళ్ళిపోయే రకం.

వెంట అత్తగారు కూడా వచ్చారు. "పొద్దస్తమానం చేప కళ్ళు ముందేసుకుని ఏం చేస్తావో నేనూ ఒకసారి చూస్తానే" అని ఆవిడ పట్టుబట్టారు. కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

హాలు బయట వరండాలో ఒక స్టాలు, అందులో ఒక కొత్త మిషను ఉన్నాయి. గడ్డం ఆనించి కూర్చుంటే చాలు, కంటి లోపలి భాగాన్ని ఫొటో తీసి పక్కనున్న తెర మీద చూపిస్తుంది. కోడలు మాటవరసకి కూర్చుంది. బొమ్మ పడగానే గడ్డం తీసి తెర వైపు వంగింది. చేపలవీ ఎలుకలవీ వేలకొద్దీ రెటీనాలు చూసిందే గానీ, తనదెప్పుడూ చూసుకున్న పాపాన పోలేదు. నారింజ రంగు గుండ్రం, దాని నిండా పాయలు పాయలుగా చీలిన ఎర్రటి నాళాలు, ఒక పక్కన లేత పసుపు బిళ్ళ. పుట్టిన దగ్గర్నుంచి తను చూసిన ప్రతి మొహమూ, చదివిన ప్రతి అక్షరమూ ఈ పల్చటి పొర మీదే పడ్డాయి కదా అనుకునేసరికి ఒళ్ళు జలదరించింది.

"చుక్కల మందు వేస్తే అంచులదాకా వస్తుంది మేడమ్. ఇంకా బ్రహ్మాండంగా ఉంటుంది," అన్నాడు స్టాలతను.

ఆ మందు పడితే కంటిపాప బార్లా తెరుచుకుంటుందనీ, గంటల తరబడి వెలుతురు భరించలేమనీ పిల్లలకు పాఠం చెప్పే మనిషే ఆమె. అయినా ఆశ! ప్రసంగం కంఠతా వచ్చు, చూపుతో పనేముందని తనకు తనే సర్దిచెప్పుకుని, "వెయ్యండి," అంది.

కాసేపటికి పెద్ద ఫొటో వచ్చింది. అసలే ఆమెకు ప్లస్ పవరు, అద్దాలు లేకుండా నెట్టుకొస్తోంది. మందు దెబ్బకి దగ్గరా దూరమూ అన్నీ అలుక్కుపోయి, ఏ బొమ్మ కోసం కళ్ళు పాడుచేసుకుందో ఆ బొమ్మే కనబడలేదు.

"ఎలా ఉంది అత్తయ్యా?"

అత్తగారు తెర దగ్గరికి జరిగి చూశారు. "పొద్దు గుంకేటప్పుడు ఆకుల్లేని చెట్టుని చూసినట్టుందే. ఇంత అందం లోపల పెట్టుకుని రోజూ నాతో కూరగాయల దగ్గర పోట్లాడతావా?"

ఇంతలో వెనక పెద్ద క్యూ తయారైంది. కాసేపట్లో మాట్లాడబోయే మనిషే వేయించుకుందంటే ఏదో విశేషం ఉందనుకున్నారు జనం. పైగా, కళ్ళ మీద బతికేవాళ్ళకి తమ కన్ను తాము చూసుకునే అవకాశం వస్తే ఆగుతారా? మహామహులంతా తలలు పైకెత్తి బుద్ధిగా చుక్కలు వేయించుకున్నారు.

అత్తగారి చెయ్యి పట్టుకుని కోడలు హాల్లోకి నడిచింది. ఎదురుగా తెల్ల జుట్టు, నల్ల కోటు కలిసిన ఆకారం ఒకటి కనిపించింది. ఇంకెవరు, పెద్దాయనే! రెండు చేతులూ జోడించింది. "మీరు చేసిన పని చూసే నేనీ దారిలోకొచ్చాను సార్. మీరు లేకపోతే మేమంతా చీకట్లో ఉండేవాళ్ళం."

"అది నిజమేనమ్మా," అన్నాడా మనిషి సంబరంగా. "ఈ హాల్లో లైట్లు చూసుకునేది నేనే. ఇన్నాళ్ళకి ఒక్కరు గుర్తించారు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఆ కంగారులోనే పేరు పిలిచారు. వేదిక ఎక్కి మైకు ముందు నిలబడగానే దీపాలు సూదుల్లా గుచ్చుకున్నాయి. వెనక తెర మీద తన బొమ్మలేవో తెల్లగా మండుతున్నాయి. కంఠతా వచ్చిన ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. గోడవార స్విచ్చుల దగ్గర మళ్ళీ తెల్ల జుట్టు ఆకారం కనబడింది. ఈసారి పొరబడే సమస్యే లేదు.

"బాబాయ్! కాస్త ఆ లైట్లన్నీ ఆర్పెయ్యండి. ప్రొజెక్టర్ కూడా."

అడగడమే ఆలస్యం, టపటపా అన్నీ ఆరిపోయాయి. చిమ్మచీకటి. ముందు వరసలోంచి, ఆమెకు పరిశోధన నేర్పిన గైడుగారు, "కొంప ముంచావు కదమ్మా," అని గొణిగారు. బొమ్మలు నచ్చకపోతేనే లేచిపోయే పెద్దాయన, బొమ్మలే లేకపోతే ఇంకెందుకు కూర్చుంటాడు?

కోడలు లాప్‌టాప్ తడిమి ఒక మీట నొక్కింది. హాలంతా చిటపటమంటూ శబ్దం, నూనెలో ఆవాలు పేలుతున్నట్టు.

"ఇది ఒక చేప కంటిలోని ఒకే ఒక్క కణం పంపే విద్యుత్ సంకేతాల చప్పుడు," అంది. "వెలుగున్నంతసేపూ ఆ కణం నోరు విప్పదు. వెలుగు పోయిన క్షణంలో, పోయింది, పోయింది అని మెదడుకి అరుస్తుంది. ఇలాంటివి మీ అందరి కళ్ళలోనూ ఉన్నాయి. ఇందాక లైట్లు ఆర్పగానే అన్నీ ఒక్కసారిగా అరిచాయి. చీకటంటే ఏమీ కనబడకపోవడం కాదు. చీకటిని కూడా మనం చూస్తున్నాం."

ఎవరూ దగ్గలేదు, కుర్చీ కదల్లేదు. ఆమె చెబుతూనే ఉంది. తలుపు కింది సందులోంచి వచ్చే పిసరంత వెలుతురుకే కళ్ళు మెల్లగా అలవాటుపడ్డాయి. ముందు తలలు, తర్వాత భుజాలు కనబడ్డాయి. ఆ తర్వాత ఎదురుగా ఎత్తి పట్టుకున్న తమ చేతులు తామే చూసుకుంటున్నారు జనం, పసిపిల్లల్లా. రోజూ ఈ సంగతే రాసేవాళ్ళు, ఈ సంగతికే నోరు తెరుచుకుని కూర్చున్నారు. కోడలికి ఏడుపొచ్చినంత పనయింది.

ప్రసంగం ముగించి కోడలు ముందు వరసలో ఉన్న అత్తగారి దగ్గరికి చేరాక ఎవరో లైట్లు వేశారు. హాలు హాలంతా "అమ్మో!" అని కళ్ళు మూసుకుంది. తలా రెండు చుక్కలు పడ్డాయి మరి. స్విచ్చుల దగ్గరి ఆకారం గోడ తడుముకుంటూ, కుర్చీలకు క్షమాపణలు చెప్పుకుంటూ వేదిక వైపు వచ్చింది. చుక్కల జోలికి పోని గైడుగారు కోడలి చెవిలో, "పెద్దాయన!" అన్నారు. బాబాయ్ అని పిలిచి లైట్లు ఆర్పించింది ఎవరిచేతో అర్థమయ్యేసరికి కోడలు అత్తగారి వెనక నక్కింది.

పెద్దాయన చేతికందిన చెయ్యి పట్టుకున్నారు. కళ్ళలోంచి ధారగా నీళ్ళు. "వెలుతురు భరించలేక ఆ స్విచ్చుల దగ్గర నిలబడ్డానమ్మా. నువ్వు ఆర్పమన్నావు, బతికించావు. నా జీవితంలో ఇంత గొప్ప ప్రసంగం వినలేదు. వచ్చే నెల నుంచి నువ్వు నా ల్యాబ్‌లో చేరాలి. కాదంటే ఒప్పుకోను."

ఆ చెయ్యి అత్తగారిది. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "నా వల్ల కాదు బాబూ, మోకాళ్ళ నొప్పులు. నా బదులు మా కోడల్ని పంపిస్తాను."

పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ, చివరికి కోడలితోనే సర్దుకుపోవడానికి ఒప్పుకున్నారు.