పైవరస పళ్ళు

శనివారం పొద్దున లిఫ్టు మెకానిక్ పెట్టుకున్న పని ఒక్కటే: కిర్రుమంటున్న వంటింటి తలుపుకి నూనె వెయ్యడం. డబ్బా మూత తీశాడో లేదో, విడిగా ఉంటున్న భార్య నుంచి మెసేజి వచ్చింది.

“పిచ్చుక పళ్ళకి పద్దెనిమిది వేలు. నీ సగం తొమ్మిది.”

పిచ్చుక వాళ్ళ పదేళ్ళ కూతురు. వేరుపడి ఏడు నెలలైంది. పిల్ల ఖర్చు చెరి సగం. మాట్లాడుకుంటే గొడవలే కనక ఖర్చుల సంగతి మెసేజిలోనే, అదీ పది పదాలు దాటకుండా, అని కాగితం రాసుకుని మరీ విడిపోయారు. ఆ నియమాన్ని ఇద్దరూ కంటికి రెప్పలా కాపాడుతున్నారు. కాపురాన్ని అంత శ్రద్ధగా చూసుకుని ఉంటే కాగితం అవసరమే వచ్చేది కాదు.

అతను నోరు వెళ్ళబెట్టాడు. పద్దెనిమిది వేల పళ్ళు! పిల్ల పేరుకే పిచ్చుకా?

“అన్ని పళ్ళెందుకు?” అని కొట్టాడు.

“అన్నీ కాదు. పైవరస మాత్రమే.”

పళ్ళకొట్లో పైవరస సంగతి అతనికి తెలుసు. అన్నీ ఓడలో వచ్చినవే, ఒక్కో పండుకీ మెత్తటి వలచొక్కా తొడిగి ఉంటుంది.

“కిందివరస చాలదా?”

“కిందివరసతో ఇబ్బంది లేదు. డాక్టరు పైవరసే అన్నాడు.”

డాక్టరనగానే అతను నూనె డబ్బా పక్కన పెట్టేశాడు. “ఏమైంది దానికి?”

“కొత్తేం కాదు, మీ వంశంలోదే. పదకొండులోపు కట్టాలి. ఆసుపత్రి రెండో అంతస్తుకి తీసుకురా.”

పళ్ళకొట్టు దాకా దారంతా అతను తన వంశాన్ని తిరగేశాడు. ముత్తాత దాకా వెళ్ళినా గురక తప్ప జబ్బేదీ తగల్లేదు.

“పైవరసంతా కావాలి. పదకొండులోపు కట్టాలట,” అన్నాడు.

కొట్టతను అతన్ని దేవుణ్ణి చూసినట్టు చూశాడు. “కట్టడానికేముందండీ, అరగంట!”

తొమ్మిది వేలు పద్నాలుగు అట్టపెట్టెలయ్యాయి. ఆసుపత్రిలో లిఫ్టు బరువెక్కువైందని మొరాయించింది. లిఫ్టు మాట లిఫ్టు మెకానిక్ వినక తప్పదు కనక రెండు విడతలుగా ఎక్కించాడు. రెండో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే ఎదురుగా బోర్డు: దంత వైద్యశాల.

బల్లమీద పిచ్చుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడాదిగా అంతే. బడిలో ఎవరో ఎత్తుపళ్ళన్నారని నవ్వడమే మానేసింది. ఇవాళ పళ్ళు సరిచేసే తీగ వేయించకపోతే మళ్ళీ నాలుగు నెలల దాకా వంతు రాదు.

“డబ్బేది?” అంది భార్య.

“పళ్ళకే పెట్టానుగా!”

“పళ్ళకా... ఈ పళ్ళకా?! పొద్దుట్నుంచీ నువ్వు బేరాలాడుతున్నావనుకున్నా!”

దవడలు పట్టుకున్న రోగులంతా నొప్పి మరిచి అట్టపెట్టెల వైపు చూశారు. పిచ్చుక పెట్టెల్ని చూసింది, నాన్నని చూసింది. పకపకా నవ్వేసింది. అడ్డం పెట్టుకోవాల్సిన చెయ్యి పొట్ట పట్టుకోవడానికి వెళ్ళిపోయింది. ఒకదాని మీదొకటి ఎక్కిన ఆ పళ్ళని చూస్తూ ఇద్దరూ నిలబడిపోయారు. ఇంత అందమైనది తనకెలా పుట్టిందా అనుకున్నాడతను.

భార్య మొత్తం బిల్లు తనే కట్టేసింది.

డాక్టరు లోపలికి పిలిచి వెలిగే తెర మీద ఎక్స్‌రే చూపించాడు. ఇంకా బయటికి రాని పళ్ళు కూడా చిగుళ్ళలో తమ వంతు కోసం బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

“పళ్ళ సైజు నాన్నగారిది, దవడ అమ్మగారిది. అందుకే చోటు చాల్లేదు.”

మీ వంశమన్న ఆవిడ తల దించుకుంది. అతను మాత్రం తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఇంత న్యాయంగా ఎవరు పంచిపెట్టారో!

“ఇంకోటండీ,” అన్నాడు డాక్టరు. “తీగ ఉన్నన్నాళ్ళూ పళ్ళు కొరకనివ్వకండి. చిన్నచిన్న ముక్కలు కోసి పెట్టండి.”

సాయంత్రం మెసేజి వచ్చింది: “పళ్ళ లెక్క చెరి సగం. ముక్కలు కొయ్యడానికి రా.”

ఏ పళ్ళ లెక్కో అతను అడగలేదు, జవాబు పది పదాలు దాటుతుందని.