తుమ్మలగడ్డ సహపరిశోధకులు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలి గానీ, ఈ కథకు అడవంతా అక్కర్లేదు. ఒక వాగు, ఆ వాగు దిగువన తుమ్మలగడ్డ అనే కుందేళ్ల పేట ఉంటే చాలు. ఎగువన ఒక అడవిపంది కూడా ఉండాలి. వాడు లేకపోతే అసలు కథే లేదు.

అడవిపంది రాజుగారికి బామ్మర్ది. సింహానికి పంది బామ్మర్ది ఎలా అయ్యాడని నన్నడక్కండి. గద్దె మీద కూర్చున్నవాళ్లకు చుట్టాలు ఎటునుంచైనా పుట్టుకొస్తారు. ఆ బామ్మర్ది తను పొర్లడానికి బురదమడుగు కావాలని వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించుకున్నాడు. అప్పట్నుంచి దిగువన చుక్క నీరు లేదు.

తుమ్మలగడ్డవాళ్లు నీళ్లకోసం గుట్ట దాటి వెళ్లాల్సి వచ్చింది. గుట్ట అవతల దుమ్ములగొండి కాపురం. ముసలి కుందేలు కొమురవ్వ కూతురు పోయిన ఎండాకాలం అలా నీళ్లకు వెళ్లి తిరిగి రాలేదు. ఇప్పుడు అదే దారిన సొరబుర్ర పట్టుకుని మనవరాలు చంద్రి వెళ్తోంది. అది వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా కొమురవ్వ గొంతులో గడ్డిపరక దిగదు.

అందరూ కలిసి దర్బారుకు వెళ్లి మొర పెట్టుకున్నారు. రాజుగారు ఆవులించి, "అధ్యయనం చేయిద్దాం" అన్నారు.

అలా దిగాడు డాక్టర్ ధవళం. జాతికి కొంగ. ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలబడి ఇతరుల బతుకులు పరిశీలించడంలో ఆయన్ను మించినవాడు లేడు. వెంట రాసుకోవడానికి ఒక గోరింక.

"ఇదివరకు పరిశోధకులు వచ్చి మీ చెవులు కొలుచుకుని పోయేవాళ్లు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు మీరూ మాతోపాటు పరిశోధకులే. మీకు చెప్పడానికి రాలేదమ్మా, మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాం" అన్నాడు ధవళం కళ్లు అరమోడ్చి.

కొమురవ్వకు సంబరమైంది. ఇన్నేళ్లలో తన దగ్గర నేర్చుకుంటానన్నవాడు ఇతనొక్కడే.

"ఏం నేర్చుకుంటరు సారూ?"

"అది ముందే రాసుకొచ్చాం."

"గంత రాసేదేముంది? పైన పందిదొర కట్ట ఏసిండు. కట్ట తీస్తే నీళ్లొస్తయ్. మా పిల్లలు బతుకుతరు."

ధవళం జాలిగా నవ్వాడు. "అది నీ అభిప్రాయం. పద్ధతి ప్రకారం తేలితేనే సత్యం."

పద్ధతి మొదలైంది. మొదటిరోజు తెల్లమట్టితో నేలమీద పేట పటం గీశారు. కొమురవ్వ అన్నిటికంటే లావుగా పందిదొర కట్టను గీసింది. ధవళం పటం చుట్టూ తిరుగుతూ సరిగ్గా దానిమీదే కాలు పెట్టాడు. కాలు తీసేసరికి కట్ట లేదు.

"అయ్యో, పొరపాటు. పోన్లే, పెద్దలను పటంలోకి లాగితే పటానికే ప్రమాదం" అన్నాడు.

రెండోరోజు సమస్యల్లో ఏది పెద్దదో తేల్చాలి. నేలమీద ఐదు గుండ్రాలు గీశారు. నీళ్లు, దుమ్ములగొండి, గడ్డి, జబ్బులు. ఈ నాలుగూ కుందేళ్లు చెప్పినవి. ఐదోది ధవళం పుస్తకంలోంచి తీశాడు, అవగాహన లోపం.

"గది మాకు లేదు సారూ" అంది కొమురవ్వ.

"అది ఉందని మీకు తెలియకపోవడమే అవగాహన లోపమమ్మా."

తలా గుప్పెడు బొబ్బర్లు పంచారు. ఎవరికి ఏది పెద్ద బాధో ఆ గుండ్రంలో గింజలు వెయ్యాలి. ఎలా వెయ్యాలో చూపడానికి గోరింక ఐదో గుండ్రంలో మూడు గింజలు వేసింది. మూడూ పుచ్చులే. మంచివి వేస్తే దండగని దాని ఆలోచన.

కుందేళ్లు వరసకట్టాయి. ఒక్కటైనా పక్కకు చూడలేదు, దాదాపు అన్ని గింజలూ నీళ్ల గుండ్రంలోకే వెళ్లాయి. కూతుర్ని తలుచుకుంటూ కొమురవ్వ తన గుప్పెడంతా అక్కడే కుమ్మరించింది. కుప్ప మోకాలెత్తు లేచింది. ఇంక కాదనడానికి లేదని ఆమెకు ధైర్యమొచ్చింది.

"భోజన విరామం" అని ధవళం చేపలకోసం ఎగిరిపోయాడు. గోరింక కూడా వెళ్లింది. కుందేళ్ల భోజనం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎండ మండుతోంది. పేటలో పచ్చగడ్డి చూసి నెల దాటింది. ఎదురుగా మోకాలెత్తు బొబ్బర్లు. ముందు ఒక పిల్లకుందేలు ఒక్క గింజ నోట్లో వేసుకుంది. తర్వాత దాని తల్లి. ఎవరైనా పెద్దకుప్ప దగ్గరే మొదలుపెడతారు కదా.

"అరె, అవి లెక్కకు పెట్టినయి, తినకుర్రి!" అని కొమురవ్వ అరిచింది. అరిచిన నోట్లో నీళ్లూరాయి. నేనేసిన గింజలే కదా, నావి నేను తింటే ఏమైతది అనుకుంది. తను వేసిన గుప్పెడూ తింది. ఆపైన ఇంకో గుప్పెడు కూడా తింది, అబద్ధమెందుకు.

ధవళం తిరిగొచ్చేసరికి నాలుగు గుండ్రాలూ నున్నగా ఉన్నాయి. ఐదోదాంట్లో మూడు పుచ్చుగింజలు మిగిలాయి.

"అద్భుతం! అవగాహన లోపం మూడు, నీళ్లు సున్నా. రాయి గోరింకా" అన్నాడు.

కొమురవ్వ గాభరాపడింది. "మేం తిన్నం సారూ! నీళ్ల కుప్ప గింత ఎత్తుండె, ఆకలికి తిన్నం."

"తిన్నవి రాయడానికి పట్టికలో గడి లేదమ్మా. ఉన్నవే రాయాలి." ఆమె ఇంకా ఏదో అనబోతుంటే బురదలో ముంచిన ఆమె కాలు నివేదిక మీద పెట్టించాడు. మొదటి పాదముద్ర కొమురవ్వది. కింద, సహపరిశోధకులు అని రాసి ఉంది.

దర్బారు మెచ్చుకుంది. సమాజం తనంతట తాను తేల్చుకున్న విషయాన్ని మూడేళ్లపాటు ఎవరూ మార్చకూడదని ధవళం ఒక నియమం పెట్టించాడు. తుమ్మలగడ్డలో 'దాహాన్ని అర్థం చేసుకుందాం' అని తరగతులు మొదలయ్యాయి. పాఠం చెప్పేది గోరింక. గొంతు ఎండినప్పుడల్లా లేచి వెళ్లి పందిదొర మడుగులో తాగి వచ్చేది.

ఒకరోజు తరగతి జరుగుతుండగా చంద్రి గుట్ట దిగి వచ్చింది. ఎడమచెవి సగం లేదు. మెడంతా నెత్తురు. సొరబుర్రలో నీళ్లు మాత్రం ఒలకలేదు.

కొమురవ్వ దర్బారుకు పరుగెత్తింది.

"మీరే తేల్చారు కదమ్మా" అన్నారు రాజుగారు నివేదిక తిప్పుతూ. "ఈ పాదం ఎవరిది?"

"నాదే."

"మరి మూడేళ్లు ఆగాలి."

దారిపొడుగునా ఏడ్చింది. పంది మీద కంటే తన కడుపు మీదే ఎక్కువ కోపమొచ్చింది. గుప్పెడు గింజలకు ఆశపడి మనవరాలి చెవి పోగొట్టాను అనుకుంది. ఏడ్చి ఏడ్చి, పేట దగ్గరకొచ్చేసరికి ఒకచోట ఆగింది. ముందర తిండి పెట్టి, పో అని వదిలేస్తే తిననివాడెవడు? దొరలైతే తినరా?

నెల తిరక్కుండా ధవళం రెండో విడత అధ్యయనానికి వచ్చాడు. పక్క అడవిలో ఆయన పద్ధతికి మంచి పేరొచ్చింది. మళ్లీ పాదముద్రలు కావాలి.

"ఏస్తం సారూ, ఎందుకెయ్యం" అంది కొమురవ్వ. "గాని సమాజమంటే అందరం గద? పందిదొర మాత్రం మనోడు కాదా? ఆయననూ పాల్గొననియ్యాలె. పెద్దమనిషి, మన దగ్గరికి రాడు. మనమే కట్ట మీదికి పోదం."

రాజుగారి బామ్మర్ది పేరు తన నివేదికలో! ధవళానికి రెండోకాలు కూడా నేలమీద ఆనింది.

"ఇంకోటి సారూ. మాకు గుండ్రాలు అలవాటు లేదు. మా తాతల కాడ్నుంచి గుంటలే. లోతుగ తవ్వి అందులనే ఏస్తం. దొర ముందట బొబ్బర్లేం బాగుంటయ్, అడవిదుంపలు పెడదం. అవి మా పళ్లకు దిగవు గూడ."

"స్థానిక జ్ఞానం! రాయి గోరింకా, రాయి!"

ఆ రోజు రాజుగారు కూడా విచ్చేసి ఒడ్డున రాయిమీద కూర్చున్నారు. తవ్వడం కుందేళ్లకు ఒకరు నేర్పాలా? పొద్దెక్కేలోగా కట్టలో ఐదు లోతైన గుంటలు తీసి, నిండా దుంపలు కూరి, పైన మట్టి కప్పారు. పందిదొర ముట్టె ఎగరేస్తూ వచ్చాడు. ఏ సమస్యకు ఏ గుంటో ధవళం వివరించడం మొదలుపెట్టాడు.

"భోజన విరామం" అంది కొమురవ్వ. కుందేళ్లన్నీ గట్టెక్కి కూర్చున్నాయి.

దొర ముట్టె నేలకానింది. మొదటి గుంట పెళ్లగించాడు. రెండోది పెళ్లగించాడు. మూడోదానికి ముందుకాళ్లు కూడా కలిపాడు.

"దొర మస్తు పాల్గొంటుండు సారూ" అంది కొమురవ్వ.

నాలుగో గుంట దగ్గర మట్టి చెమర్చింది. దొర తల ఎత్తలేదు. ఐదోది తవ్వగానే కట్ట భళ్లున తెగింది. దొరనూ, ధవళం పుస్తకాన్నీ ఈడ్చుకుంటూ వాగు తుమ్మలగడ్డకు పరుగెత్తింది. కొమురవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

బురద కక్కుతూ దొర తిరిగొచ్చాడు. "నా కట్ట! ఎవడు తవ్వాడు?"

రాజుగారు మీసాల తడి తుడుచుకున్నారు. అడవంతా చూస్తోంది. "నువ్వే తవ్వావు కదా బామ్మర్దీ."

"మళ్లీ వేయించు బావా!"

కొమురవ్వ చేతులు జోడించింది. "దొర గూడ సమాజమే, కట్ట వద్దని ఆయనే తేల్చిండు. సమాజం తేల్చింది మూడేళ్లు మార్చొద్దంట కద ప్రభూ. ధవళం సారును అడుగుర్రి."

ధవళం పందిని చూశాడు, రాజును చూశాడు, చివరికి తన ఒంటికాలిని చూసుకున్నాడు. పద్ధతి తప్పంటే తన పేరు పోతుంది. "పద్ధతి ప్రకారమే ప్రభూ" అన్నాడు నీరసంగా.

ఆ సాయంత్రం చంద్రి ఇంటి ముందే మూతి ముంచి నీళ్లు తాగింది. కొమురవ్వ పక్కన కూర్చుని దాని సగం చెవి నిమిరింది. దాని తల్లి కూడా ఇట్లా తాగితే చూడాలనిపించి కళ్లు తుడుచుకుంది.

తరవాత ధవళం కొత్త నివేదిక రాసి శాలువా కప్పించుకున్నాడు. అవగాహన తరగతుల వల్లే వాగు పారిందని అందులో తేలింది. పాదముద్ర కోసం వస్తే కొమురవ్వ నీళ్లలోంచి కాలు తీసి, బురద అంటని తడికాలే వేసి పంపింది.

నీతి: సమస్య తీరాలంటే బాధితులు పాల్గొంటే చాలదు, సమస్య కూడా పాల్గొనాలి.