ముదురు నీలం హెచ్చరిక

భార్యకు తెలియకుండా భార్యకే ఒక మేలు చేయాలని నీలానికి బుద్ధి పుట్టింది. ఇలాంటి మేలు అంతకుముందూ ఒకసారి చేశాడు. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు వంటింటి అలమారా సర్దిపెట్టాడు. ఆ తరవాత ఉప్పు డబ్బా ఎక్కడుందో కనుక్కోవడానికి ఇల్లంతా గాలించాల్సి వచ్చింది. అయినా మేలు చేసే అలవాటున్నవాళ్ళు అంత తేలిగ్గా మానుకోరు.

నీలం అనేది అసలు పేరు కాదు. లిఫ్టుల కంపెనీలో సూపర్‌వైజరుగా పనిచేసే ఆ పెద్దమనిషికి కంప్యూటర్ల పిచ్చి. బొమ్మలూ బొత్తాలూ లేకుండా, ఉత్త అక్షరాలు టైపు చేసి కంప్యూటరుకు పనులు పురమాయించే తెర ఒకటుంటుంది. దాన్ని టెర్మినల్ అంటారు. ఆ తెర నల్లగా ఉండాలనీ, దాని మీద అక్షరాలు ముదురు నీలంగా ఉండాలనీ ఆయన పట్టుదల. ఆ అక్షరాలు ఆయనకు తప్ప ఇంకెవరికీ కనిపించవు. ఆయనకైనా కనిపిస్తాయో లేదో ఎవరూ నిలదీసి అడగలేదు.

ఆయనకు తగిన జత ఇద్దరున్నారు. ఒకరు పక్కింటి లెక్కల మాస్టారు. జీవితమంతా బోర్డు మీద సుద్దముక్కతో రాసిన మనిషి కనుక నల్ల తెర, తెల్ల అక్షరాలు తప్ప ఇంకేదీ ఆయన కంటికి ఆనదు. ఆయనకు నల్లబల్ల అని పేరు పడింది. రెండోవాడు నీలానికి స్వయానా బావమరిది. బజారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. లేత మీగడరంగు తెర మీద గోధుమరంగు అక్షరాలు పెట్టుకుని మురిసిపోతుంటాడు. అతను మీగడ.

ఆదివారం వస్తే చాలు, ముగ్గురూ నీలం ఇంటి ముందుగదిలో చేరేవారు.

"కళ్ళకు హాయిగా ఉండాలి బావా. నా రంగు మీద పొద్దస్తమానం చూసినా అలుపు రాదు," అనేవాడు మీగడ.

"నిద్దరొస్తుందిరా. అది హాయి కాదు, జోలపాట," అనేవాడు నీలం.

"తెలుపూ నలుపూ. అంతే. తక్కినవన్నీ షోకులు," అని మాస్టారు తీర్పు చెప్పేవారు.

ఒక్క సంగతిలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట. కంప్యూటరన్నాక దాన్ని నడపడానికి ఉచితంగా దొరికే లినక్స్ సిస్టం ఉండాలి. డబ్బిచ్చి కొనే సిస్టంలు వాడేవాళ్ళను చూస్తే ముగ్గురికీ జాలి. అయితే లినక్స్‌లో మళ్ళీ బోలెడు రకాలున్నాయి. ఆ రకాల దగ్గరికొచ్చేసరికి ఆ ఒకే మాట కాస్తా మూడు మాటలై, మూడు మాటలూ పెద్ద గొంతులై, వీధిలో పోయేవాళ్ళు ఆస్తి తగాదా అనుకుని కాసేపు నిలబడి వెళ్ళేవారు.

లోపలి గదిలో నీలం భార్య పనిచేసుకుంటూ ఉండేది. ఆవిడది పుస్తకాలకు పేజీ మేకప్ చేసే పని. అక్షరాలనూ బొమ్మలనూ పేజీల్లో పొందిగ్గా అమర్చి ప్రెస్సుకు పంపుతుంది. వాదన ముదిరినప్పుడు మూడు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏ రంగైతే ఏమిటండీ, అక్షరం కనబడాలి కదా!" అనేది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. ఆవిడ లోపలికి వెళ్ళాక, "మీ అక్కకు ఇవన్నీ ఏం తెలుస్తాయిరా పాపం," అని నీలం బావమరిదిని ఓదార్చేవాడు.

ఇంతకీ ఆ మేలు సంగతి. కిందటేడు నీలం పాత కంపెనీ మూతపడింది. కొత్త ఉద్యోగం దొరికేదాకా చాలా నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఆ నెలలన్నీ ఇల్లు గడిచింది ఆవిడ పేజీల మీదే. ఉద్యోగం ఎప్పుడొస్తుందండీ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన మొహం వేలాడేసుకుని కూర్చుంటే, "ఆదివారం ఇంకా రాలేదేం, మీ రంగులు ఎక్కడిదాకా వచ్చాయి?" అని నవ్వించేది. ఆ రుణం నీలం గుండెల్లో అలాగే ఉండిపోయింది. నోరు తెరిచి చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళి, తీరా వెళ్ళాక, "కరెంటు బిల్లు వచ్చిందా?" అని అడిగి వచ్చేశాడు.

చివరికి దారి దొరికింది. ఆవిడ కంప్యూటరు పాతది. దాని ముందు కూర్చుని తరచూ నిట్టూరుస్తుంటుంది. పాపం, నత్తనడకతో వేగలేకపోతోందని నీలం గ్రహించాడు. దాంట్లో తన చేతులతో లినక్స్ వేసి, లేడిపిల్లలా పరిగెత్తించి, అప్పుడు చెప్పాలనుకున్న మాట చెప్పేస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వాళ్ళ పెద్దక్కను చూడ్డానికి బయల్దేరింది. చెప్పులేసుకుంటూ, "పిల్లల సైన్సు పుస్తకం రేప్పొద్దున్నే ప్రెస్సులో ఇవ్వాలండీ. ఇది వేళకు చేరితే ఇకమీదట ఆ వరస పుస్తకాలన్నీ నాకే ఇస్తామన్నారు. ఆలస్యమైతే ఇంకొకళ్ళను చూసుకుంటారట. నా కంప్యూటరు జోలికి వెళ్ళకండేం," అంది.

"ఛఛ, నాకేం పని?"

"అందుకే చెబుతున్నా. మీకు పనిలేదు."

ఆవిడ వీధి మలుపు తిరిగీ తిరగ్గానే మాస్టారూ మీగడా లోపలికొచ్చారు. నీలం జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు. వారమంతా కూర్చుని తయారుచేసుకున్నది. ఆవిడ పాస్‌వర్డ్ తెలియదు కనుక కంప్యూటరును దీంతోనే తెరవాలి. పాత సిస్టం పక్కనే కొత్తది కూర్చుంటుంది, ఆవిడ పేజీలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఇదీ పథకం.

తెర వెలిగింది. అంటే, వెలిగిందని నీలం చెప్పాడు.

"ఏదీ, నాకేం కనిపించడంలేదే?" అన్నారు మాస్టారు.

"ముదురు నీలం మాస్టారూ. కళ్ళు అలవాటుపడాలి."

"హెచ్చరికలు ఎరుపులో పెట్టావు కదా బావా?"

"ఎరుపా! మరీ మొరటు. హెచ్చరిక మనిషిని అదిలించకూడదురా, మెల్లిగా చెవిలో చెప్పాలి. ఇంకాస్త ముదురు నీలంలో పెట్టాను."

కిటికీ తెర లాగారు. లైటు ఆర్పారు. మాస్టారు తన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, మీగడ కళ్ళజోడు కూడా అడిగి దాని పైన పెట్టుకుని చూశారు. నీలం ఆనవాలు పట్టుకుని మీటలు నొక్కుతూ పోయాడు. ఒకచోట కంప్యూటరు ఆగిపోయింది.

"బావా, ఇక్కడ ఏదో అడుగుతున్నట్టుంది. చివర ప్రశ్న గుర్తులాంటిది తగులుతోంది."

"అక్షరాలు తెల్లగా ఉంటేనా, ఈపాటికి జవాబు కూడా రాసేవాళ్ళం," అన్నారు మాస్టారు.

ఆ మాటతో నీలానికి పౌరుషం పొడుచుకొచ్చింది. నిజానికి ఆయనకూ ఒక్క ముక్క కనబడలేదు. కానీ ఇన్నేళ్ళ వాదన ఒక్క మీట దగ్గర ఓడిపోవడమా? "నాకు శుభ్రంగా కనిపిస్తోంది. మొదలుపెట్టమంటారా అని అడుగుతోంది," అని ఠక్కున అవును అని కొట్టాడు.

పని చకచకా సాగింది. మధ్యలో ఆవిడ తెరకు ఏ రంగు పెట్టాలన్న చర్చ కూడా జరిగింది. పని పూర్తయ్యాక నీలం ముచ్చటపడి ఆవిడ పేజీలు ఎలా ఉన్నాయో చూద్దామని డిస్కు తెరిచాడు.

డిస్కు కడిగిన పళ్ళెంలా ఉంది. సైన్సు పుస్తకం లేదు. దాని ముందు పుస్తకాలూ లేవు. అసలు ఏమీ లేదు.

"ముందే కాపీ తీశావు కదరా?" నీలం గొంతు కీచుమంది.

"మాస్టారు తీస్తానన్నారు కదా!"

"నేనా? నేను రంగు చూస్తానన్నాను."

నీలం ఖాళీ డిస్కును మళ్ళీ తెరిచి చూశాడు. ఇల్లు నిలబెట్టిన పని అది. దానికి దణ్ణం పెట్టుకోవాల్సింది పోయి నిలువునా తుడిచిపెట్టాడు. మీగడ తనకు తెలిసిన లినక్స్‌తో తిరిగి రాబట్టవచ్చన్నాడు. దానికంటే తనది మేలన్నారు మాస్టారు. నీలం తల పట్టుకుని కూర్చుంటే అటూ ఇటూ నిలబడి ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. మాస్టారు పొయ్యి మీద పాలు గుర్తొచ్చినట్టు పెరటి గుమ్మంలోంచి జారుకున్నారు. మీగడ ఫ్యాను రెక్కలు దుమ్ముపట్టాయంటూ స్టూలెక్కాడు.

"అదేమిట్రా, లైటార్పి ఫ్యాను తుడుస్తున్నావ్?" అంటూ ఆవిడ లోపలికొచ్చి లైటు వేసింది. భర్త మొహం చూసింది. తన బల్ల చూసింది. పెన్‌డ్రైవు చూసింది. "ఏం చేశారు?"

నీలం దాచలేదు. దాచడానికి ఏమీ మిగల్లేదు కూడా. "నువ్వు నిట్టూరుస్తుంటే చూడలేకపోయానోయ్. కంప్యూటరు మెల్లగా నడుస్తోందని... కిందటేడంతా నువ్వు చేసినదానికి ఏదైనా చేద్దామని... మొత్తం పోయింది. నీ పుస్తకం కూడా."

ఆవిడ ఆయన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చుంది. ముందుగా తెర తెల్లగా, అక్షరాలు నల్లగా, చీమలు కూడా చదువుకునేంత పెద్దగా మార్చింది. ఆ పైన టకటకా ఏవో కమాండ్లు కొట్టింది. చూస్తుండగానే సైన్సు పుస్తకం పేజీలన్నీ ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి.

మీగడ స్టూలు మీద అలాగే ఉండిపోయాడు.

"రోజూ సాయంత్రం నా పేజీల కాపీ దానంతటదే నెట్‌లోకి వెళ్ళి భద్రంగా ఉంటుంది. నేనే నాలుగు లైన్ల కమాండు రాసిపెట్టుకున్నా. నిన్నటితో పుస్తకం పూర్తయింది," అంది.

"కమాండా? నువ్వా? ఎందులో?"

"మీ లినక్స్‌లోనే. కిందటేడే వేసుకున్నా కదా!"

ఎప్పుడు తొంగిచూసినా ఆవిడ తెర నిండా పేజీలే కనిపించేవి. ఆ వెనకాల ఏముందో చూడాలని నీలానికి తోచలేదు.

ఆవిడ ఇందాకటి ప్రశ్న దగ్గరికి వెనక్కి వెళ్ళి చూపించింది. తెల్లటి తెర మీద ఇప్పుడు ప్రతి అక్షరం స్పష్టంగా ఉంది. 'ఈ డిస్కులో ఇదే సిస్టం ముందునుంచీ ఉంది. అయినా మొత్తం తుడిచేయమంటారా?'

"అవునన్నారన్నమాట," అంది ఆవిడ.

"నీకు... ఎవరు నేర్పారు?"

"మీరే. ఇన్ని ఆదివారాలు గోడ అవతల కూర్చుని విన్నానండీ. మీరు ముగ్గురూ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటుంటే రాక చస్తుందా?" ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "మీ కంపెనీ మూసేసిన కొత్తలో నా కంప్యూటరు మొరాయించింది. కొత్తది కొనే రోజులు కావు. మీ సొరుగులో పాత పెన్‌డ్రైవు ఉంటే తీసి వేసుకున్నా. అది లేకపోతే నా పని ఆగిపోయేది. మీ పిచ్చే ఆ నెలల్లో మనకు అన్నం పెట్టిందండీ."

నీలానికి కళ్ళు చెమర్చాయి. "మరి ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే పని సాగనిచ్చేవారా? ఏ రంగు పెట్టుకున్నావని ముగ్గురూ నా కుర్చీ చుట్టూ చేరేవారు."

"మరి ఆ నిట్టూర్పులు?"

"రచయితగారు పేజీ పేజీకీ మార్పులు పంపుతుంటే నిట్టూర్చక ఈల వెయ్యమంటారా?"

స్టూలు మీంచి మీగడ ఫక్కున నవ్వాడు. ఆవిడ తలెత్తి చూసింది. ఆ రోజు ఆ ఇంట్లో అన్ని ఫ్యాన్లూ శుభ్రపడ్డాయి.

మర్నాడు పుస్తకం వేళకే ప్రెస్సుకు చేరింది. ఆ వరసలో తక్కిన పుస్తకాలు కూడా ఆవిడకే ఇచ్చారు.

ఆ సాయంత్రం నీలం తన కంప్యూటరు తెరిచాడు. నల్లటి టెర్మినల్ మీద ఏమీ లేదు. మూల మాత్రం ఏదో చుక్క తగిలినట్టనిపించింది. కళ్ళు చికిలించాడు, తెర వెలుగు పెంచాడు, మాస్టారిలా కళ్ళజోడు తుడుచుకున్నాడు. లాభం లేకపోయింది. చివరికి సిగ్గు విడిచి తెర తెల్లగా మార్చాడు. ఆయన ముచ్చటపడి ఎంచుకున్న ముదురు నీలంలోనే ఆవిడ రెండు ముక్కలు టైపు చేసి పెట్టింది.

'పెన్‌డ్రైవుకు చాలా థాంక్సండీ. చూశారా, అక్షరం కనబడాలి.'

నీలం లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఈసారి కరెంటు బిల్లు గురించి అడగలేదు.